స్నానాలగదిలో మంత్రాంగం

ఆన్‌లైన్ డాక్టరమ్మతో అత్యంత రహస్యంగా మంత్రాంగం ముగించి కోడలు స్నానాలగది నుంచి వెలువడేసరికి, తలుపవతల అత్తగారు నేలచూపులు చూస్తూ నిలబడి ఉన్నారు.

"మాట బయటికి పోకూడదని కుళాయి తిప్పావు. ఆ హోరును మించాలని నువ్వే గొంతు చించుకున్నావు, అమ్మాయ్."

"అయ్యో! అంతా వినబడిందా అత్తయ్యా?"

"గర్భం రాకుండా మాత్రలు కావాలన్నదీ, అవి నీ స్నేహితురాలికన్నదీ."

"సిగ్గుతో చచ్చిపోతున్నాను. కొత్త ఉద్యోగం, అప్పుడే వద్దనుకున్నాం. మనవడి కోసం మీ కళ్లు కాయలు కాస్తుంటే ఈ మాట ఏ మొహంతో చెప్పను?"

"కాయనీలే."

"మావయ్యగారికి మాత్రం చెప్పకండి."

"ఆయనకా! ఆయన దగ్గర నేనే దాచాల్సి వస్తోంది. అమ్మాయ్... నలభై నాలుగేళ్ల వాళ్లకి కూడా ఆవిడ రాసిస్తుందా?"

"ఎవరికి అత్తయ్యా?"

అత్తగారు మొహం గోడవైపు తిప్పుకున్నారు.

"నాకూ ఒక స్నేహితురాలుంది."