మొగిలి మెడలో నల్లిబొక్క

గోదావరిఖని బొగ్గు గనిలో మొదటి షిఫ్టు దిగినవాళ్లకి సమ్మవ్వ హోటల్లో చాయ్ ఎంత అవసరమో, తోటి కార్మికుడు మొగిలి కోతలూ అంతే అవసరం. ఆ రోజు కుర్ర కార్మికుడు తీతు మాత్రం నవ్వుకోడానికి రాలేదు. ఆదివారం చర్చిలో లిడియాతో అతనికి ప్రధానం. కొన్న నగ కాదు, సొంత చేతులతో చేసిన సిలువ ఇస్తానని అందరి ముందూ గొప్పగా అనేశాడు. తీరా మేకబొక్కను, అంటే ఎముకను, పొద్దంతా ఉడకబెట్టి చెక్కితే అది పసుపుపచ్చగా, జిడ్డోడుతూ తయారైంది. మొగిలి మెడలోనేమో తెల్లటి లాకెట్టు తళతళలాడుతోంది. అదీ బొక్కదేనట.

"అన్నా, బొక్కను సాఫుగ ఎట్ల చెయ్యాలె?" అని అడిగాడు తీతు.

"గిది చిన్న ముచ్చటరా. బొగ్గుబాయిల బువ్వ తిని పారెయ్యబోతే మూలుగున్న నల్లిబొక్క మంచిగ కనవడ్డది. ఇంటికి తెచ్చి సోడా ఏసి ఉడకబెట్టిన, మల్ల బాయిలకే తీస్కపోయి ఇనుము కోసే ఆక్సా బ్లేడుతోని గీకిన. నిప్పంటుకోవద్దని గోడలకు తెల్ల రాతిపొడి చల్లుతరు సూడు, గది తడిగుడ్డకు అద్ది రుద్దిన. అసలు బొక్కకు నీళ్లే తగలొద్దు, తెలుసా?"

"ఉడకబెట్టిన అంటివి గదనే?" తీతుకి తల తిరిగింది.

"నడుమ మాట్లాడకు! రుద్దంగ రుద్దంగ ఏమైందో ఎరుకేనా? దీపం బంద్ జేసినా తోవ కనవడ్డది. ఆ తర్వాత బాయంత పట్టపగలైంది, రాత్రి షిఫ్టోళ్లు తెల్లారిందనుకొని ఇండ్లకు పోయిండ్రు, వెలుగు మీదికొచ్చి రామగుండంల కోళ్లన్ని కూసినయి, సూర్యుడు సగం లేసి, 'మొగిలన్నా, ఇయ్యాల డ్యూటీ నీదా నాదా' అనడిగె!"

"నువ్వేమన్నవు?" అంది సమ్మవ్వ గ్లాసులు కడుగుతూ.

"నాగా పెట్టుకొమ్మన్న!"

అందరూ ఘొల్లుమన్నారు. ఇందులో పని ఎంతో, కోత ఎంతో తీతుకి తేలడం లేదు. సోడా ముందా, రాతిపొడి ముందా? కోళ్లు కూసేదాకా రుద్దాల్సిందేనా?

"మరి జిడ్డెట్ల పోతదే?"

"నీళ్లకు, నిప్పుకు భయపడితే గదేం బొక్కరా? నాదాన్ని సలసల మసిలే నీళ్లల్ల ఏసినా ఇంకింత మెరుస్తది!" మొగిలి లాకెట్టు తీసి తీతు అరచేతిలో పెట్టాడు.

ఇదీ పనిలో భాగమే కాబోలనుకున్నాడు తీతు. జేబులోంచి తీసిన తన సిలువనీ, ఆ లాకెట్టునీ కలిపి పొయ్యిమీద మసులుతున్న నీళ్ల గిన్నెలో పడేశాడు. "ఆగురా!" అని మొగిలి అరిచేసరికే ఆలస్యమైపోయింది. సమ్మవ్వ గరిటెతో రెండూ తీసింది. సిలువ ఉన్నది ఉన్నట్టే ఉంది. లాకెట్టు మాత్రం ఎండుటాకులా మెలితిరిగింది.

తీతు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్నా, నాది పొద్దంత ఉడికినా మెత్తవడలె. నీది గింత జల్ది ఎట్ల ఉడికిందే?"

"ప్లాస్టిక్ ఉడకక ఏంజేస్తది బిడ్డా!" అంది సమ్మవ్వ.

హోటల్ హోటలంతా నవ్వింది. మొగిలి చాయ్ గ్లాసులోకి తల దించుకున్నాడు. తీతుకి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆదివారం దగ్గరపడింది, నేర్పే ఉస్తాదుకే ఏమీ రాదు.

"అవ్వా, గీ జిడ్డుదాన్ని లిడియాకు ఏమని చెప్పి ఇయ్యాలె?"

"నేనే చేసిన అని చెప్పి ఇయ్యి. గా ఒక్క మాట మొగిలి అనలేడు."