రక్తంలో ఉన్నంత ఉప్పు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, జీవరసాయన శాస్త్ర విభాగంలో పరిశోధన సహాయకులుగా చేరిన మన ఆచార్యులు, ముప్పై అయిదేళ్ల నిర్విరామ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాడు ఆయనకు దక్కిన బల్లకు మూడు కాళ్లే సమంగా ఉండేవట. నాలుగవ కాలి కింద మడిచి పెట్టిన పాత పరిశోధన పత్రికను తీసి, సాంతం చదివి, మళ్లీ అక్కడే పెట్టారని పెద్దలు చెబుతారు.

మన కణాల ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఋణావేశం గల చక్కెర గొలుసులు ఉంటాయి. ధనావేశం గల ప్రోటీన్లు వాటిని ఆశ్రయిస్తాయి. రక్తం గడ్డకట్టడం, గాయం మానడం వంటి పనులెన్నో ఈ పొత్తు మీద ఆధారపడి ఉన్నాయి. అయితే ఏ ప్రోటీను ఏ గొలుసును నిజంగా గుర్తుపడుతోంది, ఏది కేవలం ఆవేశాల ఆకర్షణతో అతుక్కుంటోంది అన్న వివేచనకే ఆయన తమ జీవితాన్ని ధారపోశారు. "బస్సులో భుజాలు రాసుకున్నంత మాత్రాన చుట్టాలైపోతారా?" అని విద్యార్థులను అడిగేవారు. ఆ తేడా తేల్చేది ఉప్పే. ద్రావణంలో రక్తంలో ఉన్నంత ఉప్పు ఉంటే పైపై అతుకులు ఊడిపోయి, అసలు బంధాలే మిగులుతాయి.

రెండు వేల ఆరులో, ఆయన ఆచార్య పదవికి ఇంటర్వ్యూ పదకొండు రోజులు ఉందనగా, ఆయన వద్ద పనిచేస్తున్న పరిశోధక విద్యార్థిని సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి నెల రోజులు ఉందనగా, ఒక ఉపద్రవం వచ్చిపడింది. ద్రావణాలు కలిపే కొలతల కాగితం మరకలు పడిందని పద్నాలుగు నెలల క్రితం ఆయనే స్వహస్తాలతో కొత్త ప్రతి రాసి గోడకు అంటించారు. పదింతల చిక్కదనానికి రాయవలసిన కొలతలను మామూలు చిక్కదనానికి రాశారు. అలవాటు ప్రకారం అందరూ దానిని మళ్లీ పదింతలు పలచన చేస్తూ వచ్చారు. సీసాలో మిగిలిన ద్రావణాన్ని ఒకనాడు ఉప్పు కొలిచే మీటరుతో పరీక్షిస్తే ఉండవలసిన ఉప్పులో పదో వంతే తేలింది. సరైన ఉప్పుతో ప్రయోగం మళ్లీ చేయగా, అప్పటికే అచ్చయిన వ్యాసంలో వారిద్దరూ ప్రకటించిన బంధం జాడ లేకుండా పోయింది.

విద్యార్థిని ఆయన బల్ల ముందుకు వచ్చి నిలబడింది.

"ఎవరికి తెలుస్తుంది సార్? నా నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా?"

"నా మీద నీకు కోపం వస్తే రానీ అమ్మా. ఒంట్లో నిలబడని బంధాన్ని ఉందని ఎలా రాస్తాం?"

"మీకేం సార్, ఉద్యోగం ఉంది. మునిగిపోయేది నేనేగా!"

ఆమె రెండు వారాలు ప్రయోగశాల గడప తొక్కలేదు. వ్యాసం ఉపసంహరణకు గురైంది, ఆచార్య పదవి మరొకరిని వరించింది. ఆ పదవి ఆయనకు దక్కడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది. విద్యార్థిని తిరిగి వచ్చి, అరవై ఏడు గొలుసు ముక్కలను ఒక్కొక్కటిగా రక్తంలో ఉన్నంత ఉప్పులో పరీక్షించగా, ఒక్కటి మాత్రం ప్రోటీనును పట్టు సడలకుండా పట్టుకుంది. ఆవేశాలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎక్కడెక్కడ ఉన్నాయన్నది ముఖ్యమని దానితో రుజువైంది. ఆ రోజు ఆయన చిన్నపిల్లాడిలా మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్లి అందరినీ పిలుచుకొచ్చారు.

నాటి నుండి ఉప్పు కొలవనిదే మా విభాగంలో ప్రయోగం మొదలు కాదు, ఆయనకు "ఉప్పు సార్" అన్న బిరుదు స్థిరపడింది. ఈ బిరుదు విని ఆయన శ్రీమతి పకపకా నవ్వారు. "ఇంట్లో కూరలో ఉప్పు వేయడం మరిచిపోయినా కిక్కురుమనకుండా తినేసే మనిషండీ! చివర్లో నేను తిన్నాకే నాకు తెలిసేది."

ఆ విద్యార్థిని నేడు ఈ విభాగానికి అధిపతి. ఈ వీడ్కోలు సంచిక కోసం పాత దస్త్రాలు తిరగేస్తుండగా, గత వారం ఆమెకు ఆచార్యులు ఆనాడు సంస్థ సంచాలకులకు రాసిన లేఖ దొరికింది. "పొరపాటు పూర్తిగా నాది. విద్యార్థిని గోడ మీది కాగితాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఇంటర్వ్యూ జాబితా నుండి నా పేరు తొలగించండి. ఆమె పరిశోధక వేతనాన్ని మాత్రం మరో పద్దెనిమిది నెలలు పొడిగించవలసిందిగా ప్రార్థన." ఆ పొడిగింపు సంస్థవారి దయ అనుకుంటూ ఆమె ఇన్నేళ్లూ సంస్థకే కృతజ్ఞతలు చెప్పుకుంది. ఆయన ఒక్కనాడూ దిద్దలేదు.

ఈ వ్యాసం రాసే బాధ్యతను ఆమె ఎవరికీ అప్పగించలేదు. ఆ రోజు అన్న మాటకు సహోద్యోగుల సమక్షంలో, ఆయన కుటుంబసభ్యుల సమక్షంలో క్షమాపణ కోరుతూ, ఆచార్యులవారు అర్ధాంగీ సమేతంగా నిండు ఆరోగ్యంతో, మనశ్శాంతితో నూరేళ్లు వర్ధిల్లాలని, తీరిక దొరికిన ఒక మధ్యాహ్నం ఆమె గదికి వచ్చి, ఆమె కళ్లెదుట కూర్చుని, ఆ కృతజ్ఞతను ఇకనైనా స్వీకరించాలని మనసారా ఆకాంక్షిస్తోంది.