పాత పని చూసొచ్చాకే కొత్త పని

ఈ సభకు అధ్యక్షత వహించి, నా గురించి నాకే తెలియని గొప్ప సంగతులు ఇంతసేపు చెప్పిన మేయర్ గారికి, ఇక్కడికి వచ్చి నెల తిరక్కపోయినా నన్ను పుట్టినప్పటి నుంచీ ఎరిగినట్టు మాట్లాడిన కమిషనర్ గారికి, ముందు వరసల్లోని పెద్దలకు, నాతో కలిసి పనిచేసినవాళ్ళకు, నాతో కలిసి పనిచేయాల్సి వచ్చినందుకు ఇన్నాళ్ళూ తల పట్టుకున్నవాళ్ళకు, కొట్లు కట్టేసి మరీ వచ్చి వెనక కూర్చున్న మార్కెట్ అక్కచెల్లెళ్ళకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు గనక కూర్చునే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఎక్కువసేపు మాట్లాడను కూడా. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మా ఆయన, అదిగో, ముందు వరసలో చివరి కుర్చీలో, చేతి గడియారాన్ని వేలితో కొట్టి చూపిస్తూ కూర్చున్నారు. పొద్దున బయల్దేరేటప్పుడు ఒకటికి రెండుసార్లు చెప్పి పంపారు: "థాంక్స్ చెప్పు, పూలు తీసుకో, వేదిక దిగు. ఉపన్యాసాలు పెట్టుకోకు." నా పెన్షన్ కాగితాల మీద కమిషనర్ గారి సంతకం ఇంకా పడలేదు, అదీ ఆయన బెంగ. (నవ్వులు) కమిషనర్ గారు కూడా నవ్వారు, చూశారా? ఏవండీ, ఇక మీరు ఆ గడియారం వదిలెయ్యండి.

ఈ ఆఫీసుతో సంబంధం లేనివాళ్ళు కూడా కొందరు వచ్చారు కాబట్టి నా ఉద్యోగమేమిటో ఒక మాట చెబుతాను. నన్ను పౌరసభల అధికారి అంటారు. జనం కట్టే ఇంటిపన్నులో పదో వంతు పక్కన పెట్టి, ఏడాదికోసారి ప్రతి వార్డులోనూ జనాన్ని కూర్చోబెట్టి, "ఇది మీ డబ్బు, దీంతో మీకేం కావాలో మీరే చెప్పండి" అని అడిగి, చేతులెత్తించి, ఎక్కువమంది ఏది కోరితే అది రాసి పైకి పంపడం నా పని. వినడానికి ఎంత బాగుందో కదా! నన్ను ఈ సీట్లో వేసినరోజు నా పై అధికారి మాత్రం "అక్కడైతే నువ్వు ఎవరికీ అడ్డం రావు" అని ఉన్న మాట చెప్పేశాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఈ ఆఫీసులో నా పేరు ఉలిపికట్టె. నా వెనక అనుకుంటున్నామని మీరంతా అనుకునేవాళ్ళు గానీ, మన గోడలు పల్చన. (నవ్వులు)

మేయర్ గారు నన్ను అలుపెరగని మనిషి అన్నారు. అలిసిపోయానండీ. మనస్ఫూర్తిగా చెబుతున్నాను, బాగా అలిసిపోయాను. సాయంత్రం సభ అంటే వచ్చేవాళ్ళు చీకటి పడ్డాక వస్తారు. వచ్చినవాళ్ళలో సగం మంది పక్కింటివాడి గోడ మీద పోట్లాటకి వస్తారు. పన్ను ఎందుకు కట్టాలో చెప్పమని ఒకాయన ప్రతి ఏడూ లేచి నిలబడతాడు, చెప్పేలోపు వెళ్ళిపోతాడు. దీపం కావాలంటే తన గుమ్మం ముందే కావాలి, చెత్తకుండీ మాత్రం ఎదుటివాడి గుమ్మం ముందు. జనం దేవుళ్ళని నేనెప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనను. ఆఫీసులో కూర్చున్న మనమూ జనమే కదా.

నవ్వుకోవడానికి ఒకటి చెబుతాను. స్టేషను రోడ్డు వార్డు వాళ్ళు ఒక ఏడాది డబ్బంతా పెట్టి, వీధి మొదట్లో వార్డు పేరు రాసిన పెద్ద కమాను కావాలన్నారు. మురుగు పొంగుతోంది, ముందు కాలవ చూసుకోండి అని గొంతు పోయేలా చెప్పాను. వింటేనా! చేతులన్నీ కమానుకే లేచాయి. కట్టించాం. ఆ వానాకాలం మోకాటి లోతు నీళ్ళలో, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ కమాను కిందినుంచే ఇళ్ళకెళ్ళారు. మర్నాడు ఆఫీసులో ఒకటే నవ్వులు, జనానికి డబ్బు చేతికిస్తే ఇంతేనని. కానీ మరుసటి ఏడాది అదే వార్డు మొత్తం కాలవకి చెయ్యెత్తింది, ఒక్కరు కూడా కాదనలేదు. మనం తప్పు చేస్తే మనకి బదిలీ అవుతుంది. వాళ్ళు తప్పు చేస్తే రోజూ దాని కిందినుంచే నడవాలి. అందుకే వాళ్ళు తొందరగా నేర్చుకుంటారని నాకు అనిపిస్తుంది.

ఇక మా పౌరసభలో ఒక అలవాటు ఉంది, మీలో చాలామంది దానికి తిట్టుకున్నారు. కొత్త పని అడగాలంటే ముందు అందరూ నడిచి వెళ్ళి, కిందటేడు అడిగిన పనిని కళ్ళారా చూసి రావాలి. చూసొచ్చాకే కుర్చీలు వెయ్యాలి. ఇదేదో నేను రాత్రింబవళ్ళు ఆలోచించి కనిపెట్టానని మేయర్ గారు అన్నారు గానీ, అంత తెలివి నాకెక్కడిదండీ! నా మొట్టమొదటి సభకి అనుకున్న హాలుని మనవాళ్ళే అదే సాయంత్రం ఎవరిదో రిసెప్షన్‌కి ఇచ్చేశారు. లోపల బాజాలు, బయట రోడ్డు మీద నేనూ, ఒక డెబ్బై మంది జనం. సరే, నిలబడే కానిద్దామని నా కాగితం తీసి, "ఈ వీధికి కిందటేడు కొత్త రోడ్డు వేయడమైనది" అని చదివాను. అందరూ ఒక్కసారి కిందికి చూశారు. నేనూ చూశాను. గుంటలో నిలబడి ఉన్నాను. (పెద్దగా నవ్వులు)

హాల్లో కూర్చుని చదివుంటే చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ రోజు నుంచీ, ముందు నడక, తర్వాతే సభ. ఎండలో నడిచాం, వానలో నడిచాం. ఆ నడకలో కాంట్రాక్టర్లు మాతో మాట్లాడ్డం మానేశారు, జనం మాతో మాట్లాడ్డం మొదలుపెట్టారు. అంతకు మించి నేను సాధించింది ఏమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఏవండీ, మీరు అటు తిరిగి కూర్చున్నా సరే, చెప్పక తప్పదు.

మేయర్ గారు నా ఘనతల్లో మొదటిదిగా మార్కెట్టులో ఆడవాళ్ళకి కట్టిన మరుగుదొడ్ల గురించి చెప్పారు. ఆ సభ నాకు బాగా గుర్తు. కుర్రాళ్ళు ఫౌంటెన్ కావాలన్నారు, బొమ్మ గీయించి కూడా తెచ్చారు, అందరూ అటే మొగ్గారు. అప్పుడు మన మైకక్క లేచింది. కూరగాయలమ్మే ఈవిడకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఒకసారి ఆవిడ టమాటాల ధర అరవడం వింటే తెలుస్తుంది. కానీ ఆ రోజు ఆవిడ చిన్నగా మాట్లాడింది. "తెల్లారకముందే వస్తాం, పొద్దుగూకాక ఇంటికెళ్తాం. మధ్యలో నీళ్ళు తాగం. ఎందుకు తాగమో ఆడాళ్ళకి చెప్పక్కర్లేదు. మగాళ్ళకి చెప్పడం నాకు సిగ్గు. మీ ఫౌంటెన్‌లో నీళ్ళు ఎగురుతుంటే మేం చూస్తూ కూర్చోవాలా బాబూ?" అంది. ఫౌంటెన్ బొమ్మ తెచ్చిన కుర్రాడే ముందు చెయ్యెత్తాడు.

కట్టారు. బాగా కట్టారు కూడా. నీలం తలుపులు, తెల్ల పలకలు, ముందు పూలకుండీలు. మేయర్ గారు రిబ్బను కత్తిరించారు, కుళాయి తిప్పితే నీళ్ళు కూడా వచ్చాయి. ఆ నీళ్ళు ఆ రోజుకి ట్యాంకరుతో తెచ్చి పైనున్న తొట్టిలో పోసినవి. మర్నాడు తాళం పడింది.

(సభలో కలకలం)

ఆగండి, ఆగండి. మేయర్ గారిని అనడం లేదు, ఆయనకి తెలియదు. కాగితం మీద అది పూర్తయిన పని. పైపు కలపమంటే నీటి శాఖ వాళ్ళు, భవనం అప్పగించినట్టు పత్రం తెస్తే కలుపుతాం అన్నారు. పత్రం ఇమ్మంటే భవనాల శాఖ వాళ్ళు, నీళ్ళు వస్తే ఇస్తాం అన్నారు. ఇద్దరి మాటా రూలు ప్రకారం సరైనదే. నేను రాసిన ఉత్తరాలన్నీ దున్నపోతు మీద వాన. కిందటేడు తుఫాను వల్ల నడక జరగలేదు గనక మిగతా ఊరు దాన్ని చూడలేదు. ఈ ఏడాది చూస్తారులే అని నేను ఓపిక పట్టాను. మైకక్కకి కూడా అదే చెప్పాను. కిడ్నీలో రాళ్ళని డాక్టరు చెప్పి, రోజంతా నీళ్ళు తాగమంటే, "మా ఆఫీసరమ్మ నడక పెట్టాక తాగుతాను" అని నవ్విందట.

ఇంతలో ఇవాళ ఇదే వేదిక మీద, నాకు కానుకగా, మేయర్ గారు ఒక శుభవార్త చెప్పారు. వచ్చే నెల నుంచి సభలుండవు, నడకలుండవు, అన్నీ ఫోనులోనే. పాత పనుల ఫొటోలు ఫోనులో వస్తాయి, కొత్త పనులకి ఇంట్లోంచే వేలితో నొక్కొచ్చు. మంచి ఉద్దేశంతోనే చేశారు. నాలాంటి మోకాళ్ళవాళ్ళకి హాయి కూడా. కాదనను. ఆ ఫొటోలు నేను చూశాను. మరుగుదొడ్ల ఫొటో చాలా బావుంది. రిబ్బను కట్టిన రోజు తీసింది.

నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదండీ. ఇంటికెళ్ళి పడుకోవాలని ఉంది. కానీ పన్ను కట్టేవాడికి మనం ఇచ్చేది డబ్బు మీద అధికారం ఒక్కటే అయితే అది సగమే. అడిగింది వచ్చిందో లేదో వెళ్ళి చూసి, రాలేదని మన మొహం మీద చెప్పగలగడం మిగతా సగం. ఆ సగం ఫోనులో పట్టదని నా బాధ. మైకక్క ఫోనుకి బొమ్మలే రావు.

ఒక చిన్న విషయం. కొత్త పద్ధతి వచ్చే నెల నుంచి అన్నారు. నా రిటైర్మెంటు ఆర్డరులో ఇవాళ ఆఫీసు మూసేదాకా అని ఉంది. అంటే ఇంకా గంటకు పైగా ఈ ఊరికి పౌరసభల అధికారిని నేనే, సభ పిలిచే అధికారమూ నాదే. ఈ హాలు మార్కెట్ వార్డులోనే ఉంది. ఆ నీలం తలుపులు ఈ వెనక సందు చివర ఉన్నాయి. కాబట్టి మార్కెట్ వార్డు పౌరసభ ఇప్పుడే మొదలైందని ప్రకటిస్తున్నాను. అలవాటు ప్రకారం ముందు నడక. వెళ్ళి చూసి రండి. తాళం లేకపోయినా, కుళాయిలో నీళ్ళు వచ్చినా, ఇదే మైకులో అందరి ముందూ క్షమాపణ అడుగుతాను.

కమిషనర్ గారూ, నా కాగితాల మీద సంతకం మీ ఇష్టం.

(వెనక వరసల్లో కుర్చీల చప్పుడు. "లేవండే, ఇంకా కూర్చుంటారేంటి!" అని ఒక గొంతు. నవ్వులు.)

చూశారా, మైకక్కకి మైకు అవసరం లేదని చెప్పానుగా. మెల్లిగా వెళ్ళండి, ఒకరి మీద ఒకరు పడకండి. ముందు వరస పెద్దలూ, మీరు కూడా. టీ ఎక్కడికీ పోదు. నీటి శాఖ వారు ఆ పక్క తలుపులోంచి కాదు, ఇటు, ఇటు నుంచి. భవనాల శాఖ వారిని కూడా తోడు తీసుకెళ్ళండి, ఎటూ మీరిద్దరూ ఒకరు లేకుండా ఒకరు కదలరు కదా.

ఏవండీ! మీరు కూడానా? వద్దు వద్దన్నది మీరే కదా!

("నా పన్ను కూడా ఉంది అందులో" అని జవాబు. నవ్వులు.)

వెళ్ళండి, వెళ్ళండి. నా కోసం ఆగొద్దు. నేను రోజూ చూస్తున్నదే, చూడాల్సింది మీరు.

మేయర్ గారూ, ఇక ఈ వేదిక మీద మీరూ నేనూ, ఈ పూలే మిగిలాం. మీ మంచి మాటలకి కృతజ్ఞతలు, అవి అబద్ధం కాకుండా చూసే అవకాశం మీకు ఇంకా ఉంది. లేస్తున్నారా? సంతోషం సార్. కమిషనర్ గారిని మాత్రం ముందు పిలవండి, గుమ్మం దాకా వెళ్ళినట్టున్నారు. ఆ తాళంచెవి వారి ఆఫీసు బీరువాలో ఉంది.

వినేవాళ్ళంతా వెళ్ళిపోయారు కాబట్టి నా ప్రసంగం కూడా అయిపోయినట్టే. ఇన్నేళ్ళూ నన్ను భరించిన ఈ ఊరికి, సెలవు.