విప్పి చూడని నెట్టు

హలో… ఆ, ఇందునే, రెబెక్కక్కా. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్స్ నుంచి… బాగోనేను. నాకు కటింగ్ నేర్పింది నువ్వు, నువ్వే సెప్పాల— ఇది ఏ నెట్టు గుడ్డ?

…చిట్టెమ్మ పిన్నికి. ఆ, ఎడమ రొమ్ము ఆపరేషనైంది కదా, ఆ పిన్నికే. ఈ నెట్టుతోనే లోబాడీ కుట్టి ఇచ్చినాను. పొద్దున్న అదే తొడుక్కుని హౌరా లోకల్ ఎక్కింది, డాక్టర్‌కి సూపించుకోడానికి. పాన్స్‌కురా దాటుంటాది… ఫోనెత్తదు.

…ముక్క మిగిలింది. లోబాడీలకేస్తామని నువ్విచ్చిన పాత పవర్ నెట్ ముక్కా పక్కనే ఉంది. రెండూ తెలుపే. సూపుకి అక్కసెల్లెళ్ళే.

…లాగుతన్నాను. అడ్డంగా— సాగింది.

…నిలువుగా… అక్కా. సాగనేదు.

…పాతదా? ఎటు లాగినా సాగతంది, వదిల్తే టప్పున ఎనక్కొచ్చేస్తంది.

…నెట్టు కన్ను సూడాలా? ఉండు, ఫోను లైటేస్తన్నాను… పాతదాని కన్ను కోలగా ఉంది. కొత్తది… ఆరు మూలలు. తేనెపట్టులాగ.

…మీ చర్చిలో పెళ్ళికూతురు ముసుగు నెట్టా! ఓలమ్మో!

…పట్టీనా? నిలువునే కోసినాను, గుడ్డ కలిసొస్తాదని. అంటే ఒంటి సుట్టూ ఈసమెత్తు సాగదు…

…పొద్దున్నే అన్నాది, "బిగుతుగా ఉందే ఇందూ" అని. బిగుతుంటేనే మంచిది, వాపు ఆపుతాది అన్నాను. నేనే అన్నాను, అక్కా!

…కొన్నప్పుడా? ఎలాగ లాగి సూస్తాను? కొట్టు నిండా మగోళ్ళు. లోబట్టకి నెట్టు అనగానే ఆ కొట్టు దాదా పేపర్లో సుట్టేసి, దొంగసరుకులాగ సేతిలో ఎట్టీసినాడు. నేనూ సంకలో ఎట్టుకుని వచ్చీసినాను. సీరైతే యెలుతుర్లో పరిచి, నలిపి, నాలుగు తిట్టి కొంటాం! గుండె మీద ఏసుకునేదాన్ని విప్పి సూడ్డానికి మాత్రం సిగ్గు!

…తిట్టు. తర్వాత తిట్టు. ముందు సెప్పు, ఆపరేషనైన వైపు సెయ్యి ఏటవుద్ది?

…వేళ్ళ దాకా వాపా?

…ఉండు, ఉండు— పిన్నే సేస్తంది! పెట్టేస్తన్నానక్కా—

హలో, పిన్నీ! నేనే, ఇందుని. సెయ్యెలాగుంది?

…గాజు కదల్డం నేదా?

…పిన్నీ, తప్పు నాది. ఆ నెట్టు సాగదు. ఇప్పుడే తీసీయాల.

…హౌరాలో కాదు, ఇప్పుడే! హుక్కులు ముందువైపే కదా…

…వేళ్ళు మొద్దుబారిపోనాయా? అయితే పక్కన కూకున్న దీదీ నెవలినైనా పిలు.

…ఉంటే ఉండనీ మగోళ్ళు! లోబట్ట మాట పదిమందిలో ఎలాగంటావా? ఆ సిగ్గుతోనే నేను పొట్లం విప్పనేదు. దానికి నీ సెయ్యి బలి. కేకెయ్యి, పిన్నీ. "దీదీ, హుక్ ఖులే దిన్" అను, హుక్కులిప్పమని.

…గొణిగితే ఎవలికి ఇనపడతాది? నాకే ఇనపడనేదు.

…ఏటా సప్పుడు, కోలాఘాట్ వంతెనా? ఇంకా గట్టిగా!

…ఆ! ఇనపడింది! అదీ! ఎవలో పలికినారు కదూ? ఆవిడికి ఫోనియ్యి—

దీదీ? దీదీ, కేటే దిన్! కత్తెరుంటే కోసీండి, గుడ్డ పోతే పోనీ—

…హలో?

…పిన్నీ? వంతెన మీద లైను తెగిపోనాదా?

…హలో?