అరగని రబ్బర్లు

ఎముకల వార్డు బయట, వాడిన వాకర్లు తిరిగి తీసుకునే కిటికీ దగ్గర ఒకామె నర్సుతో మాట్లాడుతోంది.

“అమ్మ వాకరండీ. పని అయిపోయాక తిరిగిచ్చేయమన్నారుగా.”

“మంచి పని చేశారమ్మా. పారేయకుండా కడిగి ఇంకొకరికి ఇస్తాం. తుంటి విరిగి వచ్చేవాళ్ళు ఏటికేడు పెరుగుతున్నారు. అమ్మగారు అప్పుడే చెయ్యి ఊతం లేకుండా నడిచేస్తున్నారా?”

“అమ్మ పోయి పదిహేను రోజులైందండీ. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు.”

“అయ్యో! ఆపరేషన్ అంత బాగా జరిగిందే... కూర్చోండమ్మా. ఈ వాకరు కాళ్ళకి రబ్బర్లు కొత్తవి వేయించారా?”

“లేదండీ, మీరిచ్చినవే.”

“రెండు నెలలు నడిస్తే ఇలా అరగకుండా ఉండవే!”

“నడవనిస్తే కదండీ. మళ్ళీ పడుతుందేమోనని నాకు ఒకటే భయం. లేస్తానంటే కసిరి పడుకోబెట్టేదాన్ని. చేతికి అందకుండా దీన్ని బీరువా వెనక పెట్టేశాను.”

“పడుకునే ఉంటే నెమ్ము చేరుతుంది, రోజూ నడిపించమని ఇంటికెళ్ళేటప్పుడు చెప్పాం కదమ్మా?”

“చెప్పారండీ. వంటింటి దాకా వెళ్ళొస్తానే అని తనూ బతిమాలింది.”

“ఊరుకోండమ్మా. ఇటివ్వండి, తుడిచి లోపల పెడతాను.”

“ఇంకొకరికి ఇస్తారన్నారుగా. వాళ్ళ కూతురు కూడా నాలాంటి పిరికిదైతే, ఈ రబ్బర్లు చూపించండి.”