సూది లేవని బండి

నా ఈ వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న మా ట్రావెల్స్ యజమాని గోవర్ధన్ గారికి, కొత్తూరు, మామిడిపల్లి డ్యూటీలు మార్చుకుని వచ్చిన డ్రైవర్ తమ్ముళ్లకు, మూడో వరసలో కొంగు చాటున నవ్వుతున్న నా భార్య పోచమ్మకు నమస్కారం. బతుకంతా బండ్ల కింద పడుకుని మాట్లాడినవాణ్ణి, నిలబడి మాట్లాడటం ఇదే మొదలు. (నవ్వులు)

ఇందాక అందరూ "కుర్మయ్య చెయ్యి పెడితే బండి లేచి కూసుంటది" అన్నారు. అనకండి. ఒక బండి సంగతి చెప్పకపోతే ఈ శాలువా నాకు బరువు.

మూడేళ్ల కింద, చలికాలం. జయశీలన్ నడిపే కారు శంషాబాద్‌లో స్టార్ట్ చేస్తే కొత్తూరు దాటినా మీటరులో వేడి చూపే సూది అడుగునే ఉండేది. "అన్నా, ఇంజను వేడెక్కుతనే లేదు, డీజిల్ మస్తు తాగుతున్నది, జర చూడు" అన్నాడు. మీటరు మార్చి, సెన్సర్ మార్చి, బండిలో ఏ లోపమూ లేదని చెప్పేశాను. మరి డీజిల్ ఎటు పోతున్నట్టు? అందరి చూపూ డ్రైవర్ మీద పడింది. ఏమనుకోకండి గోవర్ధన్ సార్, నా మాట నమ్మే కదా మీరు జయశీలన్ దగ్గర బండి తాళం తీసుకున్నది.

తాళం పోయిన ఎనిమిదో రోజున జయశీలన్ భార్య ప్రేమావతి షెడ్డుకు వచ్చింది. "చర్చిల గూడ మమ్మల్ని దొంగల్లెక్క చూస్తున్నరన్నా" అంది.

మర్నాడు చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, రేడియేటర్ పై పైపు మీద చెయ్యి పెట్టాను. ఇంజను కాగేదాకా నీళ్లు అటు పోకుండా థర్మోస్టాట్ వాల్వు ఆపుతుంది, అందాకా ఆ పైపు చల్లగా ఉండాలి. ఇదేమో మొదటినుంచే గోరువెచ్చన. వాల్వు తెరుచుకుని ఇరుక్కుందేమోనని విప్పి చూస్తే, అసలు వాల్వే లేదు!

ఎందుకుంటుంది? అంతకుముందు ఎండాకాలంలో బండి కాగిపోతోందంటే "మన ఎండలకు గిదెందుకు" అని పీకి పారేసి, మరిచిపోయింది నేనే. మా మెకానిక్కులందరికీ ఉన్న అలవాటే, తల దించుకున్నవాళ్లు నాకు కనబడుతున్నారు. (నవ్వులు)

కొత్తది వేసి "వాల్వు పాడైంది సార్, ఇంజను కాగకనే డీజిల్ ఎక్కువ తాగింది" అన్నాను. తాళం తిరిగి ఇచ్చారు. కానీ అది పాడవలేదు, నేనే తీశాను. భయపడి చెప్పలేదు. తప్పు నాది జయశీలన్ తమ్మీ.

(వెనక నుంచి జయశీలన్: "గప్పుడే చెప్తే చర్చిల తలెత్తుకుంటుంటిమి గదన్నా.")

నిజమే. ఆదివారం మీ చర్చికి వస్తాను. ఇదే మాట అక్కడ అందరి ముందు చెప్తాను. ఈ శాలువా కూడా తెస్తాను, అది నీది.

ఇన్నాళ్లు నన్ను భరించినందుకు అందరికీ దండం. ఇగ సెలవు.