రెడ్డెమ్మ మండీకి తెలివి మిషన్

ఆ మధ్యాహ్నం లక్ష్మీపతికి కాలు ఒకచోట నిలవలేదు. మదనపల్లె టమేటా మార్కెట్ ఎదురుగా ఉన్న వసంతమ్మ టీ అంగట్లో బల్ల మీద కూర్చుంటాడు, అంతలోనే లేస్తాడు, పుంగనూరు రోడ్డు వైపు తొంగి చూస్తాడు, మళ్లీ వచ్చి కూర్చుంటాడు.

అది రెండు వేల నాలుగో సంవత్సరం. మదనపల్లెలో టమేటాలు వేలం వేసే మండీ, పుంగనూరులో వేరుశెనగ నూనె మిల్లు, కుప్పంలో పట్టుగూళ్ల వ్యాపారం, మూడింటికీ యజమానురాలు రెడ్డెమ్మ. ఆమె దగ్గర మేనేజరు లక్ష్మీపతి. పోయిన వారం ఆమే ఇతన్ని బెంగుళూరులో కంప్యూటర్ల ఎగ్జిబిషన్‌కి పంపించింది. "కంప్యూటర్లకి ఇప్పుడు తెలివి కూడా పెడతాండారంట. మన మూడు ఊర్లలో ఏ పని దానికియ్యాలో, ఏ పని మనుషులకి ఉంచాలో సూసి ఒక ప్లాన్ సెయ్యప్పా" అని చెప్పి పంపింది. ఆ ప్లాన్ వినడానికే ఈరోజు కుప్పం నుంచి జీపులో వస్తోంది.

ప్లాన్ లేదు. ఎగ్జిబిషన్‌లో లక్ష్మీపతి పొద్దంతా తిరిగాడు, ఊరికే ఇచ్చిన చోటల్లా కాఫీ తాగాడు, తలకెక్కింది మాత్రం 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' అన్న రెండు ముక్కలే. అవి కూడా ఎక్కడ మరిచిపోతానోనని బస్సులో దారి పొడుగునా గొణుక్కుంటూ వచ్చాడు. పక్క సీట్లో పెద్దాయన అదేదో స్తోత్రమనుకుని దిగేటప్పుడు దండం కూడా పెట్టాడు.

"మేనేజరప్పా, మండీకి మిషన్ వస్తాదంటనే? మా పనులుంటాయా, పోతాయా?" అన్నాడు నారాయణప్ప. లారీల నుంచి టమేటా బాక్సులు దించే హమాలీ అతను. ఊరికే అడిగినట్టే అడిగాడు గానీ చేతిలో టీ చల్లారిపోతున్నా తాగడం లేదు. పక్కనే వేలం పాడే మునిరాజు కూడా చెవి ఇటే వేసి కూర్చున్నాడు.

తెలీదని చెప్పి ఉంటే అయిపోయేది. ఆ మాట లక్ష్మీపతి నోట ఎన్నడూ వచ్చింది కాదు.

"వస్తాదా ఏంది, వచ్చేసింది అనుకో. బెంగుళూర్లో దాని ముందర మన టమేటా ఒకటి పెడితి. అట్ల సూసి ఇట్ల సెప్పింది, ఇది బి.కొత్తకోటది, ఎర్రనేల కాయ అని."

"మేమూ సెప్తాం కదప్పా" అంది వసంతమ్మ పాలు కలియబెడుతూ.

ఆ మాటతో లక్ష్మీపతికి రోషం వచ్చింది.

"అది పండించిన రైతు పేరు కూడా సెప్పిందక్కా! సరే ఇదేందో బాగుండాదే అని, ట్రయల్‌కని పుంగనూరు మిల్లుకి తెప్పిస్తి. మీరు ఈడుంటిరి, మీకెట్ల తెలుస్తాది? ఒక చెనిక్కాయ దాని సెవి దగ్గర పెట్టి గలగలమని ఆడిస్తే సాలు, ఈ మూటలో ఇంత నూనె వస్తాది, ఇంత పిండి వస్తాది అని సెప్పేస్తాండాది."

"కరెంటు పోతేనో?" అన్నాడు నారాయణప్ప.

"పోయింది! అదే సెప్తాండా. కరెంటు పోతే ఆ తర్వాత ఏమైందో తెలుసా? కడుపులో దాచుకున్న కొంచెం కరెంటుతో అదే లైన్‌మేన్‌కి ఫోన్ చేసి నాలుగు తిట్టింది. అన్నం తింటాండేవాడు ఎంగిలి సేత్తో పరిగెత్తుకోని వచ్చినాడు. వచ్చి సారూ సారూ అని దానికి దండం పెడ్తాండాడు!"

నారాయణప్ప నవ్వాడు. రోడ్డు మీద జీపు చప్పుడైంది. లక్ష్మీపతి ఉలిక్కిపడి లేచి చూశాడు. వేరే జీపు. కూర్చున్నాడు, ఒక చెప్పు విడిచాడు, మళ్లీ తొడుక్కున్నాడు. నోరు ఆగితే ప్లాన్ లేదన్న సంగతి గుర్తుకొస్తోంది, అందుకని నోటికి తెరిపి ఇవ్వలేదు.

"అది సరే, కుప్పం సంగతి వినండప్పా. ఆడికి కిష్ణగిరి నుంచి అరవం వ్యాపారులు, కోలారు నుంచి కన్నడం వ్యాపారులు వస్తారు కదా, ఒకే నోటితో ఒకేసారి ఇద్దరితో బేరమాడి, మధ్యలో మన రైతుకి తెలుగులో నువ్వు తగ్గొద్దు అని సెప్తాండాది. పట్టుపురుగులకి కూడా ఏం సెప్పిందో ఏమో, ఆకు సగమే తిని గూడు మాత్రం కొబ్బరికాయంత కట్టినాయి. కోలారాయన అది సూసి, ఇంత తెలివైన అల్లుడు మళ్లీ దొరకడు, మా అమ్మాయిని దానికిస్తా, దాని నచ్చత్రం ఏందో కనుక్కో అని నా కాళ్లు పట్టుకున్నాడు."

"ఏం నచ్చత్రమప్పా?" అంది వసంతమ్మ.

"ఫ్యాక్టరీలో రాయలేదంటక్కా. పెండ్లి నిలిచిపోయింది. ఆ దిగులుతో మూడు పొద్దులు అది ఎవురితోనూ మాట్లాడలే. ఎట్లనో బుజ్జగించి, సోమల ఊర్ల పక్క వానల్లేవు ఏమన్నా సెయ్యప్పా అంటి. బెంగుళూరు మీద పోతాండే మబ్బుని పిలిచింది. మన రైతుల చేన్లోనే వాన! గట్టుకి ఈ పక్క మోకాలి లోతు నీళ్లు, ఆ పక్క దుమ్ము. గట్టు మీద నిలబడిన మనిషికి ఒక భుజమే తడిసింది."

ఈసారి నారాయణప్ప పడీపడీ నవ్వాడు. మునిరాజు మాత్రం నవ్వలేదు.

"యాలం పాడ్తాదా అప్పా?" అని మెల్లగా అడిగాడు.

అక్కడ ఆగి ఉండాల్సింది. ఇన్నేళ్లుగా ఆ మండీలో మునిరాజు గొంతు వినిపిస్తేనే వ్యాపారులు చుట్టూ మూగేది. వేలం పాడడం తప్ప అతనికి వేరే పని రాదు. అది లక్ష్మీపతికి తెలియంది కాదు. అయినా నాలుక జారుడుబండ మీద ఉంది.

"పాడ్తాదా అని మెల్లగా అడుగుతావేందప్పా! అది పాట ఎత్తుకుంటే కలకత్తా వ్యాపారి కండ్లనీళ్లు పెట్టుకోని, అడక్కుండానే రేటు పెంచినాడు. పెంచి, ఇంకా తక్కువేమో అని కుమిలి కుమిలి ఏడ్చినాడు."

మునిరాజు గ్లాసు కింద పెట్టి, గొంతు దగ్గర చెయ్యి వేసుకున్నాడు. లక్ష్మీపతి చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

నారాయణప్ప ఆలోచించి ఆలోచించి అడిగాడు. "అంతా బాగుండాది గానీ, బాక్సులు దించుతాదా?"

"ఛ! అంత తెలివైంది బాక్సులు మోస్తాదా ఏంది? మన మాదిరి ఎండలో నిలబడదప్పా అది. నీడలో కూసోని, ఫోన్లు చేసుకుంటా, ఇది సెయ్యండ్రా అది సెయ్యండ్రా అని సెప్తా ఉంటాది."

వసంతమ్మ గరిటె పక్కన పెట్టింది.

"అప్పా, ఒకటి అడుగుతా తప్పనుకోవద్దు. నీడలో కూసునేది, ఫోన్లు చేసేది, లైన్‌మేన్‌ని తిట్టేది, ఇట్ల కోతలు కోసి వ్యాపారుల్ని మెప్పించేది... ఇదంతా నీ పనే కదా. అది ఈడికొస్తే ముందర ఇంటికి పోయేది వీళ్లు కాదు కదప్పా?"

ముందు నారాయణప్ప పగలబడి నవ్వాడు. తర్వాత మునిరాజు మొదలుపెట్టాడు, ఇక ఆపలేకపోయాడు. లక్ష్మీపతికి ముఖాన చెమట పట్టింది. ఇంతసేపూ తాను పొగిడిన మిషన్ వస్తే తనకే పని ఉండదని అతనికి అప్పుడే తట్టింది.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది. రెడ్డెమ్మ దిగింది.

"ఏమప్పా, ప్లాన్ అయిందా?"

లక్ష్మీపతి మునిరాజు వైపు చూశాడు. ఇంకో మాట ఎత్తబోయి మింగేశాడు.

"అయిందమ్మా. ముందు పుంగనూరు మిల్లులో లెక్కలకి మామూలు కంప్యూటర్ ఒకటి పెడదాం. అది మనకి అలవాటైతే కుప్పం సంగతి సూద్దాం. మండీలో మాత్రం మనుషులే ఉండనీమ్మా. యాలం మునిరాజే పాడాల."

"మరి నిన్న ఫోన్‌లో అది మూడు భాషల్లో బేరమాడ్తాదని సెప్తివే?"

టీ అంగడంతా అతని నోటి వైపే చూసింది. లక్ష్మీపతి తల గోక్కున్నాడు.

"బేరమాడేదేనమ్మా. మాట్లాడి మాట్లాడి గొంతు పోయింది దానికి."

"అయ్యో పాపం" అంది రెడ్డెమ్మ, ముఖంలో నవ్వు కనపడనీయకుండా. "మిరియాల కషాయం ఇప్పించకపోతివా అప్పా."

అని, మునిరాజుని వెంటబెట్టుకుని మండీలోకి నడిచింది.